తన లోపమును తానే తెలుపు సెన్సారు

1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రపు రెండవ రియాక్టరులో పీడనము తగ్గించుటకై ఒక కవాటము తెరచుకొన్నది. తిరిగి మూసుకొనవలసినప్పుడు మూసుకొనక అట్లే నిలిచిపోయినది. కంట్రోలు గదిలోని దీపము మాత్రము ఆరినది. అది చూచి కవాటము మూసుకొన్నదని అచటివారు నమ్మిరి. నిజమునకు ఆ దీపము కవాటము స్థితిని చూచి చెప్పినది కాదు. మూసుకొమ్మను ఆజ్ఞ వెళ్లినదని మాత్రమే చెప్పినది! రియాక్టరును చల్లబరచవలసిన నీరు రెండు గంటలకు పైగా ఆ దారిన వెడలిపోయినది. రియాక్టరు గర్భములో సుమారు సగము కరగినది.

పరికరము మాటను ఎంతవరకు నమ్మవచ్చునను ప్రశ్న కర్మాగారములకు అప్పటికే పాతది. దానికి ఒక చక్కని ఉపాయమును గూడ కనిపెట్టియుండిరి. 0 నుండి 400 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిమిని కొలుచు సెన్సారు ఒక కొలిమిలో ఉన్నదనుకొందము. అది వేడిమికి తగిన విద్యుత్ప్రవాహమును పంపును. 0 డిగ్రీలకు ప్రవాహము కూడ సున్నయే అయినచో, తీగ తెగినప్పుడు సైతము కొలిమి చల్లగా ఉన్నట్లే కనబడును; మరింత ఇంధనము పోయుదురు. అందుచే 0 డిగ్రీలకు 4, 400 డిగ్రీలకు 20 మిల్లీ ఆంపియర్లని నిర్ణయించిరి. 12 వచ్చిన 200 డిగ్రీలు. ఏమియు రాకున్న తీగ తెగినదన్నమాట. సంకేతములను గాలి ఒత్తిడితో పంపిన రోజులలోను ఇదే పద్ధతి: చదరపు అంగుళమునకు 3 నుండి 15 పౌనులు.

అయితే తెగిన తీగ పట్టుబడినంత సులభముగా, మందగించిన సెన్సారు పట్టుబడదు. వేడిమిని కొలుచు ఉష్ణయుగ్మముపై మసి పేరుకొన్నను అది 4కు, 20కి నడుమ ఏదో ఒక అంకెను పంపుచునే యుండును. కాని ఆ అంకె ఆలస్యముగా మారును.

సెన్సారులోనే చిన్న గణనయంత్రమును అమర్చుట సాధ్యమైన పిమ్మట, 1993లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన మానస్ హెన్రీ, డేవిడ్ క్లార్క్ ఒక క్రొత్త సూత్రమును ప్రతిపాదించిరి. సెన్సారు విలువ నొక్కదానినే చెప్పిన చాలదు. అందులోని అనిశ్చితిని, తన స్థితిని గూడ చెప్పవలెను. స్థితిని తెలుపుటకు వారు కంటిచూపుకు సంబంధించిన మాటలనే ఎన్నుకొనుట ముచ్చటైనది. లోపము లేకున్న స్పష్టము. లోపమున్నను సరిదిద్దుకొని చెప్పుచున్న మసక. తాత్కాలికముగా చూపు చెదరిన మిరుమిట్లు. లోపము శాశ్వతమని తోచిన అంధము.

తన లోపము సెన్సారుకు తెలియుట యెట్లు? ఉష్ణయుగ్మము గుండ కొద్దిసేపు విద్యుత్తును పంపి, దానిని వేడిచేసి ఆపుదురు. అది ఎంత త్వరగా చల్లారునో చూచిన, పరిసరములతో దాని స్పర్శ ఎట్లున్నదో తెలియును. మసి పట్టినదానికి ఎక్కువ కాలము పట్టును.

ఈ భావములు 2001లో బ్రిటిష్ ప్రమాణముగా రూపొందినవి. అంధస్థితిలో సైతము సెన్సారు మౌనము వహించదు. పూర్వపు కొలతలనుబట్టి ఒక అంచనాను పంపుచు, కాలము గడచిన కొలది దాని అనిశ్చితిని పెంచుచు పోవును. కొలిమిని నడుపుటయో, ఆపుటయో కంట్రోలు గదిలోనివారు నిశ్చయింతురు.