గాదెలో గింజ, బజారులో ధర

పాట్నా నగరంలో గంగానదికి సమీపాన తేనెతుట్టె ఆకారంలో నిలిచివున్న గోల్‌ఘర్ భారతదేశపు ధాన్యాగారాలలో పేరెన్నికగన్నది. 1769-70 నాటి బెంగాల్ క్షామం మిగిల్చిన భయం నుంచి పుట్టిన కట్టడమిది. 1784 జనవరిలో గవర్నర్ జనరల్, ఆయన మండలి జారీచేసిన ఆదేశం మేరకు కెప్టెన్ జాన్ గార్‌స్టిన్ దీనిని నిర్మించి 1786 జూలైలో పూర్తిచేశాడు. క్షామాన్ని శాశ్వతంగా నివారించే సంకల్పంలో ఇది మొదటి భాగమని అక్కడి శిలాఫలకం చెబుతుంది. ధాన్యాగారాన్ని తొలిసారి నింపి, బహిరంగంగా మూసినవారి పేరు చెక్కడానికి అదే ఫలకంపై కొంత చోటు విడిచిపెట్టారు. ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది.

ఆ ఫలకం చెక్కిన కాలంలోనే తెలుగునాట కలిగిన ప్రతి కాపు ఇంటిలోను ఒక గాదె ఏటేటా నిండుతూ, ఏటేటా తరుగుతూ ఉండేది. దానికి శిలాఫలకం లేదు, ఇంజనీరు లేడు. దేశచరిత్రలో ధాన్యపు నిల్వ ప్రస్తావన వచ్చినప్పుడల్లా రాజుల కోష్ఠాగారాలే ముందుకు వస్తాయి. ఇంటి నిల్వను స్త్రీల గృహనిర్వహణగా భావించి పక్కన పెట్టడం పరిపాటి. కాని బజారులో ధర పెరిగిన నెలలలో ఎవరు ఎవరికి ఋణపడ్డారు, ఎవరి పొలం ఎవరి చేతికి పోయింది అనే ప్రశ్నలకు సమాధానం చాలావరకు ఈ గాదెలోనే ఉంది.

రాజుల నిల్వలు తక్కువవని కాదు. సగం నిల్వను జనపదాల ఆపత్కాలానికి విడిగా ఉంచాలని, తక్కిన సగమే వాడుకోవాలని, పాతదాని స్థానంలో కొత్తది చేర్చాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. నేటి బంగ్లాదేశ్‌లోని మహాస్థాన్‌గఢ్‌లో 1931లో దొరికిన బ్రాహ్మీ శాసనం ఆపదలో ధాన్యం ఇచ్చి, మంచి రోజులు వచ్చాక కోష్ఠాగారాన్ని తిరిగి నింపుకొనే పద్ధతిని సూచిస్తున్నది. పాతది తిని కొత్తది నింపడమనే ఈ సూత్రం అర్థశాస్త్రం పేరు విననివారికి సైతం తెలిసినదే.

నిల్వ పాత్రలకు తెలుగులో ఉన్న పేర్లను చూస్తే ఆ జీవనవిధానం ఎంత విస్తృతమో బోధపడుతుంది. వెదురుబద్దలతో అల్లి, పేడ, మట్టి కలిపి మెత్తినది గాదె. చుట్టూ అల్లిన పెద్దబుట్ట వంటిది గుమ్మి. వరిగడ్డితో పేనిన వెంటిని చుట్లుచుట్లుగా పేర్చి, నడుమ ధాన్యం పోస్తూ పైకి లేపినది పురి. కోస్తా వరిసీమలలో ఇది పెరటికి సౌభాగ్య చిహ్నం. చిన్న కుటుంబానికి మట్టికాగులే గాదెలు. గరిసె అనే మాట నిల్వచోటుకూ చెల్లుతుంది, కొలతకూ చెల్లుతుంది. ఈ కొలతనే ఆంగ్లేయ వర్తకులు తమ లెక్కలలోకి తీసుకున్నారు. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. గాదె నుంచి దింపేటప్పుడు పుట్లలోను, వంటింటిలో మానికలలోను లెక్క నడిచేది. పొయ్యి మీదికి ఎన్ని మానికలు ఎక్కుతున్నాయో ఇంటి ఇల్లాలికి తెలుసు. గాదెలో ఎంత మిగిలిందో కర్ర గుచ్చి చూసి ఆమె చెప్పగలదు.

మెట్టసీమలలో, ప్రధానంగా దత్తమండలాలలో, జొన్నను పాతరలలో దాచేవారు. నీరు ఊరని గట్టి నేలను ఎన్నుకొని, సన్నని మెడ, విశాలమైన కడుపు ఉండేటట్లు గొయ్యి తవ్వి, అడుగున, పక్కలకు చొప్ప పరచి, గింజ నింపి, మెడను చొప్పతో, మట్టితో కప్పి మూసేవారు. లోపలి గాలిని గింజా పురుగూ కలిసి వాడుకొనగా ప్రాణవాయువు అడుగంటి పురుగు చచ్చేది; గింజ మాత్రం ఏళ్ల తరబడి నిలిచేది. ఆధునికులు గాలిచొరని నిల్వ అని వర్ణించేది ఇదే. దీనికి అపాయం లేకపోలేదు. తెరిచిన వెంటనే పాతరలోకి దిగినవాడు ఊపిరాడక పడిపోయిన సందర్భాలు ఉన్నాయి. అందుచేత మూత తీసి కొంతకాలం విడిచి, దీపం దించి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగేవాడు. నేలలో దాచడంలో మరొక సౌకర్యం కూడా ఉంది: దోపిడి దండులకు, పన్ను వసూలుకు వచ్చినవారికి పాతర కంటికి కనిపించదు.

గింజ ఒక్కటే నిల్వ కాదు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, పప్పుకు ఆముదం రాయడం, విత్తనాల బుట్టలో బూడిద, వేపాకు వేసి పేడతో మూతి మెత్తడం పల్లెలన్నింటా తెలిసినవే. మాఘ ఫాల్గుణాలలో చింతపండు గింజ తీసి కుండలకు ఎక్కేది. ఎండలు ముదిరాక వడియాలు, అప్పడాలు, మామిడి ఒరుగులు, చల్ల మిరపకాయలు ఇంటి కప్పుల మీద ఆరేవి. మామిడికాయ, మిరప, ఆవ, ఉప్పు ఒక్కసారిగా దొరికే వారాలలో ఏడాది ఆవకాయ జాడీలలో చేరేది. మంచు కాలంలో దారులు మూసుకుపోయే కాశ్మీరంలో వంకాయ, ఆనపకాయ ముక్కలను దండలుగా గుచ్చి ఎండబెట్టుకొనేదీ ఇందుకే. ఇదంతా కలిగిన ఇళ్ల వైభవమని గుర్తుంచుకోవాలి. కూలివారి గుడిసెలో ఎండబెట్టిన గోంగూర, కాస్త ఉప్పు, సముద్రతీరంలోనైతే ఎండుచేపలు మాత్రమే ఉండేవి.

ఈ నిల్వ వలన ఆదా ఎలా అయ్యేది? సంక్రాంతి వేళకు కొత్త ధాన్యం కళ్లాలకు వచ్చినప్పుడు ధర అడుగున ఉంటుంది. ఆషాఢం మొదలు భాద్రపదం వరకు పాతపంట తరిగి, కొత్తపంట ఇంకా పొలంలోనే ఉండగా ధర పైకి పోతుంది. గాదె నిండిన ఇల్లు ఏడాదంతా పుష్యమాసపు ధరకే అన్నం తిన్నట్లు. పైగా పాతబియ్యం వండితే బాగా ఒదుగుతాయి. కొత్తబియ్యం అన్నం ముద్దకట్టి తొందరగా చెల్లిపోతుంది. ఉప్పుకు, గుడ్డకు, ఇనుముకు తప్ప అటువంటి ఇల్లు బజారు గడప తొక్కవలసిన పని అరుదు.

గాదె లేని ఇల్లు అవే నెలలలో ధాన్యం అప్పు తెచ్చుకునేది. ఆ అప్పుపై ధాన్యరూపంలో చెల్లించే వడ్డీకి నాగు అని పేరు. ఆషాఢంలో రెండు తూములు తెచ్చినవాడు కళ్లంలో మూడు తూములు కొలవవలసి వచ్చేది; ఉత్తరాదిలో దీనినే డేఢీ అన్నారు. కొలిచి ఇచ్చాక అతనికి మిగిలిన గింజ నిరుటికన్నా తక్కువ గనుక మరుసటి ఏడు ఇంకా ముందుగానే అప్పుకు పోవలసి వచ్చేది. అతడు కొలిచిన మూడు తూములు దొరగారి గాదెలో చేరి, వచ్చే ఆషాఢంలో మళ్లీ అప్పుగా బయలుదేరేవి. ఒకే గాదె ఒక ఇంటికి పొదుపు, మరొక ఇంటికి ఋణం. గ్రామీణ స్వయంపోషకత్వాన్ని కొనియాడే రచనలలో ఈ రెండవ ముఖం తరచుగా కానరాదు.

దీనికి కొంత అడ్డుకట్ట వేసినది మేర. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి కళ్లం దగ్గరే తమ వంతు ధాన్యం కొలిపించుకునేవారు. పాలేరు జీతం కూడా చాలావరకు గింజే. ఆ కొలతలో అన్యాయం ఎంతైనా ఉండవచ్చు. అయినా చేతికి వచ్చినది తినే వస్తువు గనుక బజారు ధర దానిని కరిగించలేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ ఏర్పాటు రెండు వైపుల నుంచి సడలింది. రైత్వారీ శిస్తు నగదులో చెల్లించాలి. కిస్తులు కోతలు ముగిసిన నెలలలోనే పడేవి. ధర అడుగున ఉన్నప్పుడే రైతు గింజ అమ్మక తప్పలేదు. 1871 నాటికి మద్రాసు నుంచి కడప, ఆదోనిల మీదుగా రాయచూరుకు రైలు వచ్చాక కొనేవారు దూరం నుంచి కూడా వచ్చారు. 1832-33 నందన కరువులో గుంటూరు మండలంలో ముగ్గురిలో ఒకరు నశించి ఉంటారని అంచనా. నాడు వర్షం లేకపోవడంతో పాటు గింజను తెచ్చే దారులు కూడా లేవు. 1876-78 ధాత కరువు నాటికి దారులు ఉన్నాయి, రైలు ఉంది, బజారులో ధాన్యం కూడా ఉంది. కొనడానికి కూలి లేదు. దత్తమండలాలలో అడుగంటిన పాతరలు, వర్తకుల కొట్లలో నిండిన బస్తాలు పక్కపక్కనే ఉన్నాయి. ధాన్యపు దోపిడీలు ఆ ఏళ్లలో సాగాయి. 1918లో ధరలు మండినప్పుడు మద్రాసు రాజధానిలో మళ్లీ సాగాయి.

1943 బెంగాల్ క్షామాన్ని పరిశీలించి అమర్త్యసేన్ 1981లో ప్రకటించిన గ్రంథం ఈ విషయాన్ని సిద్ధాంతస్థాయికి తెచ్చింది. నగదు కూలిపై బతికే వ్యవసాయ కూలీలు, జాలరులు, చేతిపనివారు అందరికన్నా ఎక్కువగా నష్టపోయారు. పంటలో వంతు గింజగా పొందే పాలికాపులు వారితో పోలిస్తే నిలదొక్కుకున్నారు. మేర కొలిపించుకున్న కమ్మరికి ఈ సంగతి గ్రంథం చదవకుండానే తెలుసు.

స్వాతంత్ర్యానంతరం నిల్వ బాధ్యత మళ్లీ ప్రభుత్వానికి చేరింది. భారత ఆహార సంస్థ 1965లో ఏర్పడింది. ఈసారి గోదాములు నిజంగానే నిండాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదయింటి బజారు ఖర్చును ఒక్కసారిగా తగ్గించింది. ఆషాఢమాసపు అప్పు బెడదను చాలామేరకు తప్పించింది. ఆ మేలును తక్కువ చేయడానికి వీలులేదు. అయితే కళ్లం నుంచి ధాన్యం నేరుగా మిల్లుకు పోసాగింది. గాదె ఉండిన చావడిలో బస్తా మిగిలింది. చౌకబియ్యం చేరిన మెట్టపల్లెలలో జొన్న, సజ్జ, కొర్ర వెనుకపడ్డాయి.

అటువంటి మెట్టసీమలలో ఒకటైన జహీరాబాదు ప్రాంతంలో, నాటి మెదకు జిల్లాలో, 1990ల దశకంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో దళిత మహిళల సంఘాలు సామూహిక ధాన్యనిధిని నెలకొల్పాయి. బీడుపడిన చెలకలను సాగులోకి తేవడానికి రైతుకు పెట్టుబడి ఇచ్చి, దానికి బదులుగా జొన్నను తీసుకొని, ఊరిలోనే నిల్వచేసి, ధర పెరిగే వానాకాలపు నెలలలో పేద ఇళ్లకు చౌకగా అందించారు. ఏ ఇంటికి ఎంత అవసరమో నిర్ణయించినది ఊరివారే. తరతరాలుగా దొరల గాదెల ముందు నాగుకు నిలబడిన ఇళ్ల స్త్రీలు ఆ జొన్నకు కాపుదారులై తామే కొలిచి పోశారు.