ట్రూ క్రైమ్ (1999 సినిమా)

ట్రూ క్రైమ్ 1999 మార్చి 19న అమెరికాలో విడుదలైన నేర కథాచిత్రం. క్లింట్ ఈస్ట్‌వుడ్ దీనికి దర్శకత్వం వహించి, నిర్మాతలలో ఒకడై, ప్రధాన పాత్రను కూడా పోషించాడు. ఆండ్రూ క్లావన్ 1995లో ఇదే పేరుతో వ్రాసిన నవల దీనికి ఆధారం. నవలలో కథ సెయింట్ లూయిస్ నగరంలో జరుగుతుంది. సినిమాలో దానిని కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లాండ్‌కు మార్చారు.

కథ

స్టీవ్ ఎవరెట్ (ఈస్ట్‌వుడ్) ఓక్లాండ్ ట్రిబ్యూన్ పత్రికలో విలేఖరి. ఇటీవలే త్రాగుడు మానినా స్త్రీలోలత్వం మానలేదు. తన పై సంపాదకుని భార్యతోనే అక్రమ సంబంధం కొనసాగిస్తుంటాడు. గతంలో ఒక దోషిని నిర్దోషిగా నమ్మి వ్రాసి, విశ్వసనీయత కోల్పోయినవాడు. ఒక యువ విలేఖరి కారు ప్రమాదంలో మరణించగా, ఆమె చేయవలసిన పని అతనికి వస్తుంది. శాన్ క్వెంటిన్ కారాగారంలో ఆ రాత్రి మరణశిక్ష అమలు కానున్న ఫ్రాంక్ బీచమ్ (ఇసయా వాషింగ్టన్)ను కలిసి, అతని చివరి రోజు గురించి వ్రాయడమే ఆ పని.

గర్భిణి అయిన దుకాణ ఉద్యోగిని హత్య చేశాడన్నది బీచమ్‌పై రుజువైన నేరం. అతని చేతిలో తుపాకీ చూశానని చెప్పిన సాక్షికి చిప్స్ పొట్లాల అర అడ్డుగా ఉండి ఉంటుందని ఎవరెట్ గ్రహిస్తాడు. ఆనాడు దుకాణానికి వచ్చిన మరొక యువకుని కోసం వెదకగా, అతడు అప్పటికే మరణించాడని తెలుస్తుంది. చివరకు హతురాలి లాకెట్ ఆ యువకుని నాయనమ్మ మెడలో కనిపించడంతో నిజం బయటపడుతుంది. విషపు మందు ఎక్కించడం మొదలైన తరువాత శిక్ష నిలిపివేయబడి బీచమ్ బ్రతుకుతాడు. ఎవరెట్ కాపురం మాత్రం నిలబడదు.

తారాగణం

ప్రధాన సంపాదకునిగా జేమ్స్ వుడ్స్, పై సంపాదకునిగా డెనిస్ లియరీ, బీచమ్ భార్యగా లీసా గే హామిల్టన్, ఎవరెట్ భార్యగా డయాన్ వెనోరా, కారాగార అధికారిగా బెర్నార్డ్ హిల్ నటించారు. ఎవరెట్ కూతురి పాత్రను ఈస్ట్‌వుడ్ స్వంత కుమార్తె ఫ్రాన్సెస్కా పోషించింది.

విశేషాలు

కథ దాదాపు ఒక్క రోజులోనే నడుస్తుంది. కారాగారంలో శిక్షకు జరిగే ఏర్పాట్లను, ఖైదీ కుటుంబం వీడ్కోలును, విలేఖరి పరుగును మార్చి మార్చి చూపించారు. బీచమ్ చిన్నకూతురు బొమ్మలో గడ్డికి వేయవలసిన ఆకుపచ్చ రంగు క్రేయాన్ పోగొట్టుకోవడం, దానికోసం కారాగార సిబ్బంది వెదకడం ఇందులో గుర్తుండిపోయే ఘట్టం. కథానాయకుడు ఆదర్శమూర్తి కాడు. నిర్దోషి ప్రాణం అటువంటివాని పట్టుదలపై, కొంత అదృష్టంపై ఆధారపడటమే ఈ కథలోని ప్రధానాంశం.

సుమారు 5.5 కోట్ల డాలర్ల వ్యయంతో నిర్మించిన ఈ చిత్రం అమెరికాలో సుమారు 1.66 కోట్ల డాలర్లు మాత్రమే వసూలు చేసింది.

కాలిఫోర్నియాలో విషపు ఇంజెక్షన్ ద్వారా మరణశిక్ష మొదట 1996లో అమలయింది. 2006 జనవరి తరువాత అక్కడ ఎవరికీ మరణశిక్ష అమలు కాలేదు. 2019లో రాష్ట్ర గవర్నరు మరణశిక్షల అమలును నిలుపుచేశాడు.