ప్రెస్బిటరీ

గ్రీకులో 'ప్రెస్బుటెరోస్' అంటే వయసులో పెద్దవాడు. తర్వాత సంఘంలో పెద్దరికం ఉన్నవాడు. తెలుగు బైబిలు ఏ తంటా లేకుండా 'పెద్ద' అనేసింది. సంఘ పెద్దలు అన్న వాడుక అలా స్థిరపడింది. తమాషా ఏమిటంటే ఇంగ్లీషు 'ప్రీస్ట్' పుట్టిందీ ఈ మాటలోంచే. కాథలిక్కులకైతే ప్రెస్బిటరీ అంటే ఫాదర్‌గారు ఉండే ఇల్లు.

స్కాట్లాండ్‌లో మాత్రం అది ఒక సభ. బిషప్పుల పెత్తనం వద్దనుకున్న సంస్కర్తలు 1581లో ప్రెస్బిటరీలను ఏర్పరచడం మొదలుపెట్టారు; 1592లో పార్లమెంటు చట్టం వాటికి గుర్తింపునిచ్చింది. ఒక ప్రాంతంలోని పాదిరులు, సంఘాలు పంపిన పెద్దలు కలిసి కూర్చుంటారు. అధ్యక్షుడు మోడరేటర్, ఆయన నడిపేది సభను, సంఘాలను కాదు. పని చాలావరకు సాదాసీదాగానే ఉంటుంది: ఖాళీ అయిన సంఘానికి పాదిరి, అభ్యర్థుల అభిషేకం, కట్టడాల మరమ్మతు, లెక్కలు, రెండు సంఘాలను కలపాలా వద్దా అన్న తగువు.

ఇక్కడ 'ఓవర్చర్' అంటే సంగీత కచేరీకి నాంది కాదు, ప్రెస్బిటరీ పైనున్న జనరల్ అసెంబ్లీకి పంపే ప్రతిపాదన. పైసభకు తొందరపాటు తగదని 1697లో బ్యారియర్ యాక్ట్ వచ్చింది. శాశ్వత నియమం ఏదైనా చేయాలంటే ముందు ప్రెస్బిటరీలకు పంపి, వాటిలో ఎక్కువవాటి సమ్మతి తీసుకోవాలి. నాకు నచ్చేది ఈ కళ్లెమే.

ఇటీవల చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ నలభైకి పైగా ఉన్న ప్రెస్బిటరీలను కలుపుతూ పెద్ద ప్రాంతాలుగా మార్చింది. దాంతో సభకు వెళ్లే పెద్దలకు ప్రయాణం పెరిగింది.