సంతకం అడిగే వేళ

2022 సివిల్స్‌లో ఎంపికైనవాళ్లు దేశం మొత్తమ్మీద 933 మంది. అందులో 682 మంది మావాళ్లేనని ఢిల్లీలోని ఖాన్ స్టడీ గ్రూప్ ప్రకటించుకుంది. 617 మంది మావాళ్లని వాజీరావ్ అండ్ రెడ్డి ఇన్‌స్టిట్యూట్ చాటుకుంది. రెండూ కూడితే 1299. ఆ లెక్కన ప్రభుత్వం ఇంకో 366 ఉద్యోగాలు బాకీ పడింది!

కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) కూపీ లాగితే అసలు సంగతి బయటపడింది. ఆ 682లో 674 మంది వెళ్లింది ఉచితంగా పెట్టిన మాక్ ఇంటర్వ్యూకి. రెండో సంస్థ చెప్పిన 617 మందీ ఇంటర్వ్యూ గైడెన్స్‌లో చేరినవాళ్లే. ప్రిలిమ్స్, మెయిన్స్ దాటేసి చివరి మెట్టు మీద ఆ గుమ్మం తొక్కినందుకు వాళ్లు ఆ సంస్థల ఖాతాలో పడ్డారు. మొదటిదానికి 5 లక్షలు, రెండోదానికి 7 లక్షలు జరిమానా పడింది.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఈ కథ ఎవరికీ వింతగా తోచదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ గ్రూప్స్ పిల్లలు, వాళ్లకోసం వెలసిన హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపులు, వాటన్నిటి మీదా ర్యాంకర్ల మొహాలున్న ఫ్లెక్సీలు. జిల్లా నుంచి బస్సు దిగిన పిల్లకు ఇక్కడ చుట్టాలుండరు, అడగడానికి సీనియర్లుండరు. ఫోనులో రేటింగ్ నక్షత్రాలు చూసుకుని ఫీజు కడుతుంది. కాబట్టి ఆ నక్షత్రాలు ఎవరు, ఎప్పుడు, ఎలా అడిగి పెట్టించారన్నది ఆమెకు డబ్బు సంగతి.

కొన్నవాడి మాటను అందరికీ కనపడేలా పెట్టాలన్న ఆలోచన పుట్టినప్పుడు ఈ అడుక్కోవడం లేదు. 1995లో అమెజాన్ పుస్తకాలు అమ్ముతూ, పాఠకులు మంచీ చెడూ రాసుకోవడానికి అక్కడే చోటిచ్చింది. అమ్ముకోవాల్సినవాడివి, తిట్లెందుకు పెడతావని ఒక ప్రచురణకర్త కోప్పడ్డాడట. ఏది కొనాలో తేల్చుకోవడానికి సాయపడితేనే మాకు డబ్బొస్తుందన్నది తన ఆలోచన అని అమెజాన్ స్థాపకుడు బెజోస్ తర్వాత చెప్పుకున్నాడు.

మరుసటి ఏడు వేలం సైటు ఈబేలో దాని స్థాపకుడు పియర్ ఒమిడ్యార్ ఇంకో మెట్టెక్కాడు. కొన్నవాడు అమ్మినవాడికి, అమ్మినవాడు కొన్నవాడికి మార్కులేసుకోవచ్చు. సరుకు పాడైతే పాడైందని రాయొచ్చు. కానీ అలా రాస్తే అవతలివాడు నీ ఖాతా మీదా మచ్చ వేస్తాడు. భయపడి జనం ‘బాగుంది’ అని రాసేయడం మొదలెట్టారు. చివరికి 2008లో, అమ్మేవాళ్లు కొనేవాళ్లకు చెడ్డ మార్కు వేసే వీలునే ఈబే తీసేసింది. ఈ రంగం నేర్చుకున్న అతి ముఖ్యమైన పాఠం ఇదేనని నా నమ్మకం. చెప్పేవాడి జుట్టు వినేవాడి చేతిలో ఉంటే, వచ్చే మాటకు విలువుండదు.

ఆ పాఠాన్ని డబ్బు మరిపించింది. సియాటిల్ హోటళ్లను పరిశీలించిన హార్వర్డ్ అధ్యాపకుడు మైఖేల్ లూకా, యెల్ప్ అనే రివ్యూల సైటులో ఒక నక్షత్రం పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం పెరుగుతుందని 2011లో లెక్క తేల్చాడు. ఇక అడగడమే ఒక విద్య అయింది. ముందు ‘సంతోషమేనా?’ అని ఆరా తీయడం, అవునన్నవాణ్ని గూగుల్‌కి, కాదన్నవాణ్ని ఎవరికీ కనపడని ఫిర్యాదు ఫారానికీ పంపడం. మంచివాళ్లను మాత్రమే ఏరి అడగొద్దని గూగుల్ 2018లో కట్టడి పెట్టింది. యెల్ప్ అయితే అసలు అడగనే వద్దంది. మన భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. పాటించడం మాత్రం ఎవరిష్టానికి వాళ్లకే వదిలేసింది.

ఇన్ని నియమాలున్నా బషీర్‌బాగ్ హోటల్లో బిల్లుతోపాటు క్యూఆర్ కార్డు పెట్టి, పక్కనే నిలబడి, “అన్నా, ఫైవ్ స్టార్ కొట్టండన్నా, కింద నా పేరు కూడా రాయండి” అనే కుర్రాడికి అవేవీ అడ్డురావు. వాడు అబద్ధమాడటం లేదు, లంచమివ్వడం లేదు. బిర్యానీ చల్లారిపోయినా వాడి మొహం చూసి నొక్కేస్తాం. తప్పు వాడిదని నేననను, వాణ్ని అక్కడ నిలబెట్టినవాళ్లది.

ఎప్పుడు అడగాలన్న ప్రశ్నకు సూటిగా జవాబిచ్చింది, చిత్రంగా, కోచింగ్ సెంటర్ల వ్యవహారమే. ఫిర్యాదులు పెరిగాక సీసీపీఏ కమిటీ వేసి, 2024 ఫిబ్రవరిలో ముసాయిదా జనం ముందు పెట్టి, నవంబరు 13న మార్గదర్శకాలు విడుదల చేసింది. అప్పటికే 45 నోటీసులు వెళ్లాయి, 18 సంస్థల మీద 54 లక్షల 60 వేల జరిమానా పడింది. ఆ మార్గదర్శకాల ప్రకారం విద్యార్థి పేరు, ఫొటో, అభిప్రాయం వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆ సంతకం విద్యార్థి గెలిచాకే తీసుకోవాలి. ఏ కోర్సు చదివాడో, దానికి డబ్బు కట్టాడో లేదో కూడా ఫొటో పక్కనే చెప్పాలి.

‘గెలిచాకే’ అన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. అడ్మిషన్ రోజు ఫారం ముందు పెడితే కాదనే పిల్లలెవరు? సీటు, మెటీరియల్, టెస్ట్ సిరీస్, అన్నీ అవతలివాడి చేతిలో ఉంటాయి. ర్యాంకు వచ్చాక ఆ పట్టు వదులుతుంది. ఇష్టమైతే పెడతారు, లేకపోతే నమస్కారం పెట్టి వెళ్లిపోతారు.

ఇది కోచింగ్ ప్రకటనలకే పరిమితం. పక్క సందులోని హాస్టల్‌కి వర్తించదు. వర్తిస్తే బాగుండును. గదిలో చేరిన వారానికే నక్షత్రాలు అడిగే యజమానులకు, పిల్లలు ఖాళీ చేసి అడ్వాన్సు తిరిగి పుచ్చుకున్నాకే అడగాలని ఒక్క రూలు పెడితే, అశోక్‌నగర్‌లో ఎన్ని హాస్టళ్లు తమ నాలుగున్నర నిలబెట్టుకుంటాయో చూడాలని నాకైతే మహా సరదాగా ఉంది.