ఎదురు డబ్బిస్తామన్న రైలు

2008 జులై. హైదరాబాద్ మెట్రో టెండర్లు తెరిచారు.

మెట్రో ఖర్చు టికెట్ల డబ్బుతో తేలదు. ఆ లోటు పూడ్చడానికి సర్కారు ఇచ్చే సొమ్మునే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. ఎవరు తక్కువ అడిగితే పని వాళ్లకి. వేల కోట్లు అడిగిన కంపెనీలూ ఉన్నాయి. మేటాస్ ఇన్‌ఫ్రా కూటమి మాత్రం పైసా అడగలేదు. పైపెచ్చు ఒప్పంద కాలంలో తామే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు కడతామంది. కట్నం అడగాల్సిన వాళ్లే ఎదురుకట్నం ఇస్తామన్నట్టుంది వ్యవహారం. పెళ్లివారు అలా వస్తే మన పెద్దలు మొదట ఆరా తీసేవాళ్లు. ఇక్కడ ఆరా తీసే ఓపిక ఎవరికీ లేకపోయింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దాన్ని ఘనవిజయంగా చెప్పుకుంది. సెప్టెంబరు 19న ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

అనుమానం ఢిల్లీలో ఒక మనిషికి వచ్చింది. కొంకణ్ రైల్వే వేసి, ఢిల్లీ మెట్రో కట్టి చూపిన ఈ. శ్రీధరన్‌కు. హైదరాబాద్ మెట్రోకు ప్రాజెక్టు నివేదిక తయారుచేసింది ఆయన సంస్థే కాబట్టి, ఇక్కడ కిలోమీటరుకు ఎంతవుతుందో, రోజుకు ఎంత మంది ఎక్కుతారో ఆయన కంటే తెలిసినవాళ్లు లేరు. ఆ అంకెల్లో 30 వేల కోట్లు ఎక్కడా దొరకవు. మరి ఎక్కడి నుంచి తెస్తారు?

జవాబు భూముల్లో ఉందని ఆయనకు తోచింది. ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు మాంటెక్ సింగ్ అహ్లూవాలియాకు ఉత్తరం రాశారు. నగరం నడిబొడ్డున విలువైన ప్రభుత్వ భూమిని వ్యాపారానికి అప్పగించడం ఇంటి వెండిని అమ్ముకోవడం లాంటిదన్నారు. మెట్రోను తమ సొంత భూముల వైపు పొడిగించి, వాటి ధర నాలుగైదు రెట్లు పెంచుకోవాలన్న రహస్య ఉద్దేశం కట్టేవాళ్లకు ఉన్నట్టుందని అనుమానించారు. కొంతకాలానికి ఇది పెద్ద రాజకీయ కుంభకోణంగా బయటపడుతుందని హెచ్చరించారు.

ఉత్తరం బయటికి పొక్కింది. రాష్ట్ర ప్రభుత్వం భగ్గుమంది. మాట వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పాలని, లేకుంటే పరువునష్టం దావా వేస్తామని శ్రీధరన్‌ను హెచ్చరించింది. అంకెలు అడిగిన మనిషికి అంకెలతో జవాబివ్వలేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇదే.

మేటాస్ ఎవరిదో నగరమంతటికీ తెలుసు. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కుటుంబానిది. ఆయన కొడుకు తేజా రాజు దానికి వైస్ చైర్మన్. ఆ ఏడాది డిసెంబరు 16న మేటాస్ సంస్థలను సత్యం కొనేస్తుందన్న ప్రకటన వచ్చింది. మదుపరులు గగ్గోలు పెట్టేసరికి తెల్లారేలోగా వెనక్కి తీసుకున్నారు. తర్వాత 2009 జనవరి 7న రామలింగరాజు తన డైరెక్టర్లకు రాసిన లేఖ వెలుగులోకి వచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు.

ఆ తర్వాత మేటాస్‌ను నమ్మి బ్యాంకులు అప్పివ్వలేదు. నిధుల ఏర్పాటు చూపలేక చతికిలబడింది. 2009 జులైలో ఒప్పందం రద్దయింది. శ్రీధరన్ ఉత్తరం రాసి అప్పటికి ఏడాదైనా కాలేదు.

ఇప్పుడు మన చిక్కడపల్లి రోడ్డు మీదికి వద్దాం. మెట్రో రెండో కారిడార్ జూబ్లీ బస్ స్టేషన్ నుంచి గాంధీ ఆస్పత్రి, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా పాతబస్తీకి పోవాలి. కవాడిగూడ వాళ్లు నడిచి ముషీరాబాద్ స్టేషన్‌కు పోవచ్చు. అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు చిక్కడపల్లి స్టేషన్ దగ్గర. రద్దయిన ఆ ఒప్పందం వీళ్లందరి నుంచి ఏళ్లు లాక్కుంది.

మళ్లీ టెండర్లు పిలిచారు. 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల లోటు నిధి అడిగి పని దక్కించుకుంది. ముందటి కంపెనీ 30 వేల కోట్లు ఇస్తానంటే, ఇది పద్నాలుగు వందల కోట్లు అడిగింది. రైలు అదే, రోడ్డు అదే. సెప్టెంబరు 4న సంతకాలయ్యాయి. బ్యాంకుల నుంచి 11 వేల కోట్లకు పైగా అప్పు తెచ్చారు. రాబడిలో సగం టికెట్ల నుంచి, 45 శాతం మాల్స్, ఆఫీసుల అద్దెల నుంచి, మిగతా అయిదు శాతం ప్రకటనల నుంచి వస్తుందని అంచనా వేసుకున్నారు. భూమి మీద ఆశ ఇక్కడా ఉంది, కాకపోతే ఈసారి దాచకుండా రాసుకున్నారు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు అసలే ఇరుకు. మెట్రో పనులకు నడిమధ్య నీలం రేకులు పాతారు, వాటి వెనక గోతులు, పైన క్రేన్లు. దుమ్ము కొట్టుకుపోయిన షాపుల ముందు నుంచి బస్సులు ఒకదాని వెనక ఒకటి జరిగేవి. 2020 ఫిబ్రవరి 7న ముఖ్యమంత్రి కేసీఆర్ జేబీఎస్-ఎంజీబీఎస్ మార్గాన్ని ప్రారంభించారు. 11 కిలోమీటర్లు, తొమ్మిది స్టేషన్లు. జనం ఆరు వారాలు ఎక్కారో లేదో, మార్చి 22న కరోనా వచ్చి రైళ్లు ఆగిపోయాయి. పాతబస్తీ భాగం ఆ దశలో రానే లేదు.

ఈరోజు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నిలబడి తలెత్తి చూడండి. కింద ఆర్టీసీ బస్సు, మధ్యలో మెట్రో, దాని మీద నుంచి ఇందిరా పార్క్-వీఎస్టీ స్టీల్ బ్రిడ్జి. 450 కోట్లతో జీహెచ్ఎంసీ కట్టిన ఆ వంతెనకు కార్మిక నాయకుడు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టి 2023 ఆగస్టు 19న తెరిచారు. ఒకే కూడలిలో మూడంతస్తుల ప్రయాణం, మూడు సంస్థలు, మూడు ఖజానాలు. ఈ మూడింటి లెక్కా ఒకచోట చూసి, ఏ రూపాయి ఎక్కడ పెడితే ఎక్కువమంది కదులుతారో తేల్చడానికి ఏకీకృత రవాణా సంస్థ ఉండాలని 2008 నాటి హెచ్ఎండీఏ చట్టంలోనే రాసుకున్నాం. ఆ పని జరిగి ఉంటే ఆ వంతెన కన్నా ముందు బస్సులకు డబ్బు దొరికేదని నా నమ్మకం.

2025 మే నెలలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75 రూపాయలకు పెరిగింది. గోల అయ్యాక 69కి తగ్గించారు. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర అయిదు రూపాయల భోజనానికి వరుసలో నిలబడే పిల్లలకు ఆ తొమ్మిది రూపాయలు చిన్నవి కావు. సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, రాష్ట్ర ప్రభుత్వం మెట్రోను తీసుకోవడానికి అంగీకారం కుదిరింది. సుమారు 13 వేల కోట్ల అప్పు, వాటాకు మరో రెండు వేల కోట్లు. మొదటి టెండరులో మనకు 30 వేల కోట్లు వస్తాయన్నారు. చివరికి 15 వేల కోట్ల బరువు మన నెత్తిన పడింది.

ఇక రెండో దశ మొదటి భాగం ప్రతిపాదన. 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం, అప్పులు 48 శాతం, మిగతాది ప్రైవేటు భాగస్వామ్యం. దాని ప్రాజెక్టు నివేదికను, నిధుల పట్టికను, ఒప్పందాల ముసాయిదాలను సంతకాలకు ముందే తెలుగులో అచ్చువేసి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఒక ప్రతి పెట్టండి. అక్కడ పొద్దున్నుంచి రాత్రిదాకా బడ్జెట్లు, ఆర్థిక సర్వేలు చదివే పిల్లలున్నారు. అంకెల్లో తేడా ఉంటే వాళ్లు పట్టుకుంటారు. ఈసారి అడిగిన వాళ్ల మీద దావా వేస్తామనకండి, జవాబివ్వండి.