మల్లుని చేయి, న్యాయమూర్తి త్రాసు

చైత్ర పూర్ణిమనాడును, వైశాఖ బహుళ దశమినాడును కొండగట్టు దారులన్నియు కాషాయవర్ణమున నుండును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి దీక్ష పూనినవారు కాలినడకను వచ్చి, ఆంజనేయస్వామి సన్నిధిని మాలలు తీసి పోవుదురు. తక్కిన భక్తుల కాయన రామదాసుడు. తాలీమున దిగువానికి మాత్రము మొదటి ఉస్తాదు. తెలంగాణపు పల్లెలలో పైల్వాను కావలెనని బయలుదేరిన పిల్లవాడు గోదాలోని మట్టిని నొసట తాకించుకొని, గోడమీది హనుమంతునకు మ్రొక్కిన పిమ్మటనే దండీలకును బస్కీలకును పూనుకొనును. బలమునకు మన దేశమున దేవుడు కలడు. ఆ బలము చేసిన తప్పునకు తగిన శిక్ష యేది యను ప్రశ్నకు మాత్రము సరియైన సమాధానమును మన మింకను కుదుర్చుకొనలేదు. ఒకప్పుడు గోదాలోనో, ఆటస్థలములోనో దేశమునకు పేరు తెచ్చినవాడు నేరస్థుడై న్యాయస్థానమున నిలిచినపుడు, ఆ పేరు వాని శిక్షను తగ్గింపవలెనా, పెంపవలెనా, త్రాసునకు వెలుపలనే యుండవలెనా? ఈ వ్యాసమున మేము విచారింపబూనిన దిదియే.

హనుమంతుని కథయందే దీనికి సంబంధించిన ఘట్ట మొకటి కలదు. వాల్మీకి రామాయణపు ఉత్తరకాండమున బాల హనుమంతుడు తన బలముతో ఋష్యాశ్రమములను చిందరవందర చేసెను. యజ్ఞపాత్రలను విరుగగొట్టి, నారచీరలను చించివైచెను. తల్లిదండ్రులు మందలించినను మానలేదు. అప్పుడు ఋషులు వాని చేతులు నరుకలేదు, ఆయువును తీయలేదు. ఇతరులు జ్ఞప్తిచేయువరకు నీ బలము నీకు తెలియకుండుగాకయని శపించిరి. తరువాత సముద్రతీరమున జాంబవంతుడు జ్ఞప్తిచేయగా ఆ బలము లోకమునకు పనికివచ్చినది. పురాణమును చట్టముగా చదువుమని మేము చెప్పము. కాని శిక్ష తప్పునకు తగినంత యుండవలెననియు, ఆ శిక్షకు కడపట తెరచుకొను తలుపొకటి యుండవలెననియు మన పెద్దలు తలంచిన సంగతి యిందు స్పష్టము.

ధర్మశాస్త్రములలో నింకొక ధోరణి గలదు. సామాన్యునకు ఒక కార్షాపణము జరిమానా పడు తప్పునకు రాజునకు వేయి పడవలెనని మనువు విధించెను. దొంగతనపు గుణదోషముల నెఱిగినవానికి శూద్రుడైన ఎనిమిది రెట్లు, వైశ్యుడైన పదునాఱు, క్షత్రియుడైన ముప్పదిరెండు, బ్రాహ్మణుడైన అఱువదినాలుగు లేక అంతకు మించిన రెట్లు దండన చెప్పెను. తెలివి హెచ్చినకొలది బాధ్యత హెచ్చునను న్యాయ మిది. అయినను ఆ అధ్యాయముననే, ఎట్టి పాపము చేసినను బ్రాహ్మణుని చంపరాదని, ధనముతో దేశమునుండి వెడలగొట్టిన చాలునని యున్నది. ఒకే గ్రంథమున గొప్పవానికి శిక్ష పెంచు వాక్యమును, తప్పించు వాక్యమును ప్రక్కప్రక్కను నిలిచినవి. తరువాతి కాలపు పెద్దమనుష్యులు ఈ రెంటిలో దేనిని వాడుకొనిరో చదువరులకు మేము చెప్పనక్కరలేదు.

ఆంగ్లేయులు 1860లో చేసిన శిక్షాస్మృతి కాగితముమీద అందఱిని సమానులను చేసినది. కొండగట్టున్న సీమ నిజాము రాజ్యములోనిది గావున, ఆ స్మృతి యిచ్చటకు వచ్చుటకు 1951 కావలసివచ్చెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. అయితే తీర్పున లేని భేదము చెఱసాలలో ప్రవేశించెను. 1929లో లాహోరు ఖైదీల నిరాహారదీక్షయందు జతీంద్రనాథ దాసు 63 దినములు అన్నము ముట్టక మరణించిన తరువాత ప్రభుత్వము ఖైదీలను ఏ, బి, సి తరగతులుగా విభజించెను. చదువు, హోదా, అలవాటుపడిన జీవనవిధానము, ఇవి ఆ విభాగమునకు కొలతలు. దొరకిన అన్నము, మంచము, పుస్తకము ఆ కొలతనుబట్టియే. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను ఈ పోకడ అనేక రాష్ట్రముల జైలు నిబంధనలలో నిలిచియే యుండెను. ఇద్దఱు ఒకే సంవత్సరము శిక్ష పొందిరన్నను, ఆ సంవత్సర మిద్దఱికి నొకటియే కాదు.

ఈ విషయమున మన దేశమున మిగుల పరీక్షకు నిలిచిన వ్యాజ్యము పటియాలాది. 1988 డిసెంబరు 27న ఆ నగరమున బండి దారి విషయమై జరిగిన జగడములో, అప్పటికే భారత జట్టులో ఆడుచున్న నవజోత్ సింగ్ సిద్ధూ 65 ఏండ్ల వృద్ధు నొకని పిడికిట కొట్టెననియు, ఆయన మరణించెననియు అభియోగము. 1999లో సెషన్సు న్యాయస్థానము విడుదల చేసినది. 2006లో హైకోర్టు దోషిగా నిర్ణయించి మూడేండ్ల కారాగారము విధించెను. 2018 మేలో సుప్రీముకోర్టు ఆ తీర్పును మార్చి, ఉద్దేశపూర్వకముగా గాయపఱచిన నేరము మాత్రమే నిలుచునని, వేయి రూపాయల జరిమానాతో సరిపుచ్చెను. ఘటన ముప్పదియేండ్ల నాటిది, పూర్వవైరము లేదు, ఆయుధము వాడలేదు అనునవి అందులకు కారణములు.

మృతుని కుటుంబమువారు ఊరకుండలేదు. పునఃపరిశీలన కోరిరి. 2022 మే 19న అదే న్యాయస్థానము తన లెక్కలో నొక యంశము విడిచితినని యొప్పుకొని, ఆ నేరమునకు చట్టమున గల గరిష్ఠశిక్ష, అనగా ఒక సంవత్సరము కఠిన కారాగారము, విధించెను. విడిచిన యంశ మేది? కొట్టినవాడు అంతర్జాతీయ క్రీడాకారుడు, దేహదారుఢ్యము గలవాడు. దెబ్బ తిన్నవాడు అతనికి రెట్టింపు వయస్సు దాటిన ముదుసలి. కుస్తీవాని చేయి, ముష్టియోధుని చేయి, క్రికెట్టు ఆటగాని చేయి తానే ఆయుధము కాగలదని న్యాయమూర్తు లభిప్రాయపడిరి.

ఈ వాక్యము మాకు మిక్కిలి సమంజసముగ తోచినది. ఏలనన, ఇందు శిక్ష పెరిగినది కీర్తివలన గాదు, శిక్షణవలన. కీర్తి లోకులు ఇచ్చునది. దాని నొక నేరముగా లెక్కించుట అన్యాయము. శిక్షణ యన్ననో, ఏండ్లతరబడి తన కండరముల శక్తిని తా నెఱుగుట. తాలీములో ఉస్తాదు మొదట నేర్పునది పట్టు కాదు, పట్టు నెప్పుడు విడువవలెనో నేర్పును. అట్టి నేర్పు గలవాడు వీథిలో ముసలివానిపై చేయి యెత్తినపుడు తెలియక చేసితి ననుటకు వీలులేదు. గదులు పగులగొట్టు దొంగకంటె తాళములు చేయువాడే దొంగయైనపుడు జనులు కోపించుట యిందుకే.

కీర్తిని చూచి జాలిపడుమను వాదము వేఱు. ఇంత పతకములు తెచ్చినాడు, పరువు పోయినది, అదియే చాలిన శిక్ష యని న్యాయవాదులు పలుకుదురు. దక్షిణాఫ్రికాలో 2013లో ప్రియురాలిని కాల్చిచంపిన పరుగుపందెగాడు ఆస్కార్ పిస్టోరియసుకు హత్యానేరము స్థిరపడిన పిమ్మటను 2016లో ఆఱేండ్ల శిక్షయే పడెను. ప్రభుత్వము పైకోర్టునకు పోగా 2017లో అది 13 ఏండ్ల 5 నెలలాయెను. పడిపోయిన కీర్తిని చూచి లోకము కరుగును. చనిపోయినవారికి కీర్తి లేకపోయిన వారిని మఱచును. బీడీలు చుట్టియో మగ్గము నేసియో బ్రదుకు సిరిసిల్లవాడు జైలునకు పోయిన, వాని పరువును గూలియు పోవును, ఇంట పొయ్యి యారును. వానికి పరువు నష్టమును శిక్షలో తగ్గించుమని వాదించిన వకీలును మేము వినలేదు.

అయినను క్రీడాకారులకు సంబంధించి యొక నిజమైన కష్టము గలదు. అది కాలము. మన హైదరాబాదువాడైన మహమ్మదు అజారుద్దీనును పందెపు కుమ్మక్కు ఆరోపణపై 2000 డిసెంబరులో క్రికెట్టు మండలి యావజ్జీవము బహిష్కరించెను. అది కారాగారము గాదు, న్యాయస్థానపు తీర్పును గాదు. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ బహిష్కారము చెల్లదనెను. అప్పటికి ఆయనకు 49 ఏండ్లు. ఆడిన టెస్టులు 99 కడనే నిలిచిపోయినవి. నిర్దోషిత్వము నిరూపితమైనదని మే మనుటలేదు. పండ్రెండేండ్లు ఆటగానికి బ్రదుకంత కాలమని మాత్రమే చెప్పుచున్నాము. గుమాస్తాకు నలువదియవ యేట తిరిగి కొలువు దొరకవచ్చును, ఆటగానికి దొరకదు. కావున వీరి వ్యాజ్యములు త్వరగా తేలవలెను. పటియాలా వ్యాజ్యమున 33 ఏండ్లకు పైగా గడచినవి. ఆ జాప్యమువలన ఆటగాడు ఆటయంతయు ఆడి, శాసనసభలును పార్లమెంటును చూచి, మంత్రియై, పిమ్మట జైలునకు పోయెను. మృతుని ఇంటివారికి ఆ ముప్పదిమూడేండ్లు ఎట్లు గడచెనో వ్రాయు పత్రికలు తక్కువ.

విడుదలయైన తరువాతి మాట ఇంకొకటి మిగిలినది. సత్ప్రవర్తనచే గడువుకు ముందే 2023 ఏప్రిలు 1న సిద్ధూ పటియాలా జైలునుండి వెలువడెను. మఱుసటి యేడు క్రికెట్టు వ్యాఖ్యాతగా మరల వినబడెను. శిక్ష ముగిసినవాడు పనికి మరలుట మేలే, అందు మాకు అసూయ లేదు. మా ప్రశ్న వేఱు. ఈ కొండగట్టు చుట్టుప్రక్కల నొక పల్లె పైల్వాను జాతర కుస్తీలలో వెండికడియము గెలిచి, తరువాత నొక జగడములో చేయి చేసికొని, ఏడాది శిక్ష ననుభవించి వచ్చెననుకొందము. వాడు మరల తాలీము గడపలో నిలిచిన నాడు, పిల్లలకు పట్లు నేర్పుమని వాని నెవరు లోనికి పిలుతురు? ఠాణాకు హాజరుకమ్మని పిలుచువారు మాత్రము మానరు.