రెండు కడ్డీల నడుమ దూరం

పదో తరగతి గది. అగ్గిపుల్ల ఆరిపోకుండా ఫ్యాను ఆపేశారు. కిటికీ పక్క బల్ల చుట్టూ మూగిన పిల్లల్లో మీరూ దూరండి, కాస్త చోటుంది.

రెండు ఇటుకల మీద ఒక ప్లాస్టిక్ డబ్బా. అడుగున కాల్చిన మేకుతో పొడిచిన రెండు బెజ్జాలు. వాటిలోంచి నిటారుగా లేచిన నల్లటి కడ్డీలు, అయిపోయిన టార్చి సెల్లు పగలగొట్టి తీసినవి. చుట్టూ ఎం-సీల్ మెత్తారు కానీ ఒకవైపు చెమ్మ దిగుతూనే ఉంది. కింద పాత గుడ్డ పరిచారు.

మేడమ్ ముందు ఉత్త నీళ్లతోనే 9 వోల్టుల బ్యాటరీ కలిపారు. ముఖం దగ్గర పెట్టి చూస్తే కడ్డీకి ఒకటీ అరా బుడగ, అంతే.

"కరెంటు పోవట్లేదు మేడమ్."

"దారి లేదు మరి. వేద్దాం ఉండు." డ్రాపర్‌తో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వేశారు. ఒక్కసారిగా సోడా కొట్టినట్టు రెండు కడ్డీలూ బుసబుసమన్నాయి.

తీగ ఊడదీసి గొట్టాలు బోర్లించాలి. కష్టమంతా ఇక్కడే. పరీక్షనాళికను అంచుదాకా నింపి, బొటనవేలితో మూసి, నీళ్లలో తలకిందులు చేసి కడ్డీ మీద నిలపాలి. వేలు కాస్త జారిందా, పైన గాలి చేరుతుంది. "మళ్లీ నింపు. ఆ గాలి ఉంటే కొలత తప్పుతుంది." మూడోసారికి కుదిరింది.

పావుగంట గడిచేసరికి తేడా కంటికే తెలుస్తోంది. బ్యాటరీ ఋణధ్రువం వైపు గొట్టంలో నీటిమట్టం గబగబా దిగుతుంటే, రెండోది నింపాదిగా ఉంది. స్కేలు పెడితే ఇటు హైడ్రోజన్ 8 సెంటీమీటర్లు, అటు ఆక్సిజన్ 3.5. పుస్తకం ప్రకారం 4 రావాలి. ఆక్సిజన్ నీళ్లలో హైడ్రోజన్ కన్నా ఎక్కువ కరుగుతుంది. పైగా కొంత ఆ కార్బన్ కడ్డీనే తినేస్తుంది. ఆ కడ్డీ మొదట్లో తేలుతున్న నల్లటి నలుసులు దాని గుర్తే. నన్నడిగితే, దిద్దకుండా రాసిన ఆ 3.5కే మార్కులివ్వాలి.

వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "నీళ్లు విరిగితే రెండూ ఒకేచోట రావాలి కదా మేడమ్? ఇదిక్కడ, అదక్కడ ఏంటి?"

గట్టి ప్రశ్న. 1800లో లండన్‌లో వోల్టా బ్యాటరీతో నీటిని విడగొట్టిన విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్‌లనూ ఇదే తికమకపెట్టింది. మేడమ్ బోర్డు మీద రెండు గీతలు గీశారు. నీళ్లలో తిరిగే హైడ్రోజన్ అయాన్లు ఋణధ్రువం దగ్గర ఎలక్ట్రాన్లు అందుకుని జంటలుగా వాయువవుతాయి. ధనధ్రువం దగ్గర వేరే నీటి అణువులు ఎలక్ట్రాన్లు వదిలి ఆక్సిజన్‌నిస్తాయి, కొత్త హైడ్రోజన్ అయాన్లను నీళ్లలోకి విడుస్తాయి. అందుకే ఆమ్లం ఖర్చు కాదు. విరిగే అణువు ఒకటే కాదన్నమాట. లెక్క మాత్రం తీగ గుండా సరిపోతుంది. నాలుగు ఎలక్ట్రాన్లు నడిస్తే ఇక్కడ రెండు హైడ్రోజన్ అణువులు, అక్కడ ఒక్క ఆక్సిజన్ అణువు.

హైడ్రోజన్ గొట్టాన్ని మూతి కిందికే ఉంచి ఎత్తారు, తేలికది కదా. అగ్గిపుల్ల దగ్గరికి రాగానే 'టప్'! ముందు వరుస వెనక్కి తుళ్లింది. రెండో గొట్టాన్ని వేలితో మూసి నిలబెడితే నీళ్లు అడుక్కి చేరి, పైన వాయువు మిగిలింది. నిప్పు కణిక మాత్రమే ఉన్న అగరుబత్తి దించితే భగ్గుమని మంట లేచింది.

మేడమ్ గొట్టాలు మళ్లీ నింపించి, బ్యాటరీ దగ్గర తీగలు అటుదిటు మార్చారు. "ఇప్పుడు ఏ గొట్టంలో ఎక్కువొస్తుంది?"

"ఎడమ!" "కుడి!" అని గది హోరెత్తిపోతోంది. ఋణధ్రువం తీగ ఎటు పోయిందో డబ్బా కింద వంగి చూస్తున్నది ఆ వెనక బెంచీ అమ్మాయొక్కతే.